ఎక్కించిన మందు పేరు రాసివ్వండి చాలు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను ఎక్స్‌రే గదుల్లో 34 ఏళ్లు పనిచేసి రిటైరైన రేడియోగ్రాఫర్‌ని. కంచరపాలెంలో ఉంటాను. ఈ ఉత్తరం ఒక బిల్లులోని ఒక్క లైను గురించి. "కాంట్రాస్ట్ – 1" అని ఉంది, పక్కన రేటు ఉంది. కాంట్రాస్ట్ అంటే లోపలి భాగాలు స్కానింగ్‌లో స్పష్టంగా కనిపించడానికి ఒంట్లోకి ఎక్కించే మందు, డై అని కూడా అంటారు. అంతే.

మా బావగారిది సోంపేట దగ్గర పల్లె. ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీ పాఠకులకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయనకు వారానికి మూడుసార్లు డయాలసిస్. మొదట్లో మెడ దగ్గర గొట్టం పెట్టి చేశారు, ఆ తర్వాత డయాలసిస్ సూదుల కోసం ఎడమ చేతిలో సిరనీ ధమనినీ కలిపి ఫిస్టులా వేశారు. రెండు నెలలుగా ఆ చెయ్యి భుజం దాకా వాచిపోయి, చొక్కా చెయ్యి ఎక్కడం లేదు. అక్క కుట్టు విప్పి తొడుగుతోంది. మెడలో గొట్టం పెట్టినవాళ్లలో కొందరికి లోపల పెద్ద సిర సన్నబడిపోతుంది, అదేమో చూడాలంటూ విశాఖ పంపించారు. సిర అంటే పుస్తకం మాట, మన జనం దాన్నీ నరమే అంటారు. డాప్లర్, అంటే రక్తం పారే తీరు చూపించే అల్ట్రాసౌండ్ స్కాన్, చేశారు. చేతిలో సిరలన్నీ బాగానే కనిపించాయి గానీ కాలర్ ఎముక వెనక ఏముందో డాప్లర్‌కి అందదు, ఎముక అడ్డం. కాబట్టి సిరలోకి డై ఎక్కించి వీనోగ్రామ్, అంటే సిరల ఎక్స్‌రే, తియ్యాలన్నారు డాక్టరు గారు.

ఆయన మంచి డాక్టరు. మొదట అడిగిన ప్రశ్నే సరైన ప్రశ్న. "ఇదివరకు డై ఎక్కించారా? అప్పుడేమైనా అయిందా?"

అయింది. రెండేళ్ల కిందట కడుపు నొప్పికి నగరంలోనే ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ తీశారు. బల్ల దిగేసరికి ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు వాపు. ఒక ఇంజెక్షన్ ఇచ్చి, అరగంట కూర్చోబెట్టి పంపేశారు. "ఏ డై?" అన్నారు డాక్టరు గారు. అక్క సంచీలోంచి పాత కాగితాలన్నీ తీసింది. రిపోర్టులో "కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన చిత్రాలు" అని ఉంది. బిల్లులో నేను పైన చెప్పిన లైను. దద్దుర్ల సంగతి ఎక్కడా లేదు.

పేరు తెలిస్తే ఏమొస్తుంది, అంతా డై కాదా అంటారేమో. కాదు. ఒకసారి రియాక్షన్ వచ్చినవాళ్లకు మళ్లీ డై తప్పనిసరైతే, ముందురోజు నుంచి స్టెరాయిడ్ మాత్రలు వేసి ఎక్కించడం మా కాలపు పద్ధతి. ఈ మధ్య నిపుణులు అంతకన్నా ముందు చెప్పే మాట, వీలైతే మందు మార్చమని. ఒక మందు పడనివాళ్లకు ఇంకొకటి పడే అవకాశం ఉంది. మార్చాలంటే దేన్నుంచి మార్చాలో తెలియాలి గదా! మా బావగారికి ఎక్కించింది అయోహెక్సాలా, అయోప్రమైడా, అయోపమిడాలా? చీకట్లో రాయి వేసినట్టే.

సరే, ఆ సెంటరుకి వెళ్లాను. మొదటిరోజు మేనేజరు లేరు. రెండోరోజు "పాత సిస్టం మారిపోయింది సార్" అన్నారు. మూడోసారి వెళ్తే కౌంటర్లో కుర్రాడు, పాపం మంచివాడే, ఉన్న మాట చెప్పేశాడు. "ఏ కంపెనీ స్టాకు వస్తే అది వాడతాం అంకుల్. పేషెంటు వారీగా రాసుకోం." నేను ఆ సెంటరు పేరు ఇక్కడ రాయడం లేదు. ఒక్క సెంటరు తప్పే అయితే అక్కడే పోట్లాడి వచ్చేవాణ్ని. తర్వాత నాకు తెలిసిన నాలుగిళ్లలో స్కానింగ్ ఫైళ్లు అడిగి చూశాను. మూడిళ్లలో ఇదే తంతు. రెండు రూపాయల పారాసిటమాల్ బిల్లు మీద బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ ఉంటాయి. రక్తంలోకి నేరుగా ఎక్కించే మందుకు పేరే లేదు.

ఈ డైలలో తేడాలేమిటో నాకు చదువుకన్నా ముందు చెవులు చెప్పాయి. నేను ఉద్యోగంలో చేరిన 1983 నాటికి కాలి సిరలో గడ్డ ఉందేమో చూడాలంటే వీనోగ్రామే దిక్కు. పేషెంటును వాలుబల్ల మీద కాళ్లు కిందికి ఉండేలా వాల్చి, చీలమండ దగ్గర రబ్బరు పట్టీ బిగించి, పాదం మీది సన్నటి సిరలోకి సూది పెట్టేవాళ్లం. అప్పటి డైలు అయానిక్ రకం, అంటే కరిగితే రెండు ముక్కలుగా విడిపోయేవి. మందు పిక్కలోకి ఎక్కుతుంటే మనుషులు అరిచేవాళ్లు. మండుతోంది, కాలిపోతోంది అనేవాళ్లు. పోర్టులో మూటలు మోసి మోసి కాయలు కాచిన ఒక కళాసీ, నొప్పంటే తెలియని మనిషి, నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశాడు. పని అవగానే సెలైన్ ఎక్కించి కడిగేసి, లేవదీసి నడిపించేవాళ్లం. మందు సిరలో నిలిచిపోతే లోపలి పొర వాచి గడ్డ కడుతుందని భయం. గడ్డ ఉందో లేదో చూడ్డానికి చేసే పరీక్షే గడ్డ తెచ్చిపెట్టగలదన్నమాట.

ఎందుకలా అంటే, మాగాయకు మామిడి ముక్కలు ఉప్పులో ఊరేస్తాం గదా, ముక్కలో నీరంతా ఊటై బయటికొస్తుంది. ఆ పాత మందు కూడా రక్తంతో పోలిస్తే అంత చిక్కన. లెక్కలో చెప్పాలంటే రక్తంలో కరిగి ఉన్నవాటి గాఢత, డాక్టర్లు ఆస్మొలాలిటీ అంటారు, సుమారు 290. పాత అయానిక్ మందులది 1500 పైమాటే. సిర గోడ కణాల్లోంచి, ఎర్ర కణాల్లోంచి నీటిని లాగేస్తుంది. మంట అక్కడిది. నీళ్లు కలిపి పలచన చేసి ఎక్కిస్తే మంట తగ్గేది, బొమ్మ కూడా వెలిసిపోయేది. రెంటికీ మధ్య ఎప్పుడూ పేచీయే.

దీనికి దారి కనిపెట్టింది స్వీడన్ రేడియాలజిస్టు టోర్‌స్టన్ ఆల్మెన్. బాల్టిక్ సముద్రంలో ఉప్పు తక్కువ. అక్కడ ఈదితే మండని కళ్లు, ఉప్పెక్కువున్న పడమటి తీరంలో ఈదితే మండటం ఆయన గమనించాడట. మన ఆర్‌కే బీచ్‌లో మునిగి లేచిన ప్రతివాడికీ కళ్లు మండుతాయి. తువ్వాలుతో తుడుచుకుని మురీమిక్చర్ కొనుక్కుంటాం. ఆయన మాత్రం, మందును రక్తమంత పలచన చేస్తే ఒళ్లు మండదు గదా అనుకున్నాడు. అలా కరిగినా విడిపోకుండా, అయోడిన్ తగ్గకుండానే ఆస్మొలాలిటీ తగ్గే నాన్-అయానిక్ రకం పుట్టింది. 1980లలో అయోహెక్సాల్ వంటివి వచ్చాయి. వీటి ఆస్మొలాలిటీ 600 నుంచి 800 దాకా ఉంటుంది. తర్వాత అయోడిక్సనాల్ అని సరిగ్గా రక్తంతో సమానంగా, 290 ఉండే మందు కూడా వచ్చింది.

నాన్-అయానిక్ మా గదిలోకి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. సూది పెట్టి మందు ఎక్కిస్తున్నా పేషెంటు మాట్లాడటం లేదు. మందు పక్కకి పోతోందేమో, సిర తప్పిందేమో అని నాకు టెన్షన్. "ఎలా ఉందమ్మా?" అంటే "కాస్త వెచ్చగా ఉంది బాబూ" అంది. కానీ రేటు! పాతదానికి ఎన్నో రెట్లు. అందుకని చాలా ఏళ్లు ఉబ్బసం ఉన్నవాళ్లకి, ఇదివరకు రియాక్షన్ వచ్చినవాళ్లకి మాత్రమే తీసేవాళ్లం. మిగతావాళ్లకు పాతదే. వాళ్లలో ఎవరికి తేడా చేస్తుందో ఎవరికి తెలుసు? జపాన్‌లో 3 లక్షల 37 వేల పైచిలుకు ఇంజెక్షన్ల లెక్కలు తీసి 1990లో ప్రచురించారు. అయానిక్ ఎక్కించినప్పుడు 12.66 శాతం మందికి ఏదో ఒక రియాక్షన్, నాన్-అయానిక్‌తో 3.13 శాతం మందికి. తీవ్రమైనవైతే 0.22 శాతం, 0.04 శాతం. అంటే ఐదో వంతు. ఆ లెక్క చూశాక, సిరలోకి ఎక్కించడానికి పాత మందు తీసిన ప్రతిసారీ నాకు చెయ్యి వణికేది.

ఇక బొమ్మ సంగతి. ఎక్స్‌రేని ఆపేది అయోడిన్. మిల్లీలీటరులో ఎన్ని మిల్లీగ్రాముల అయోడిన్ ఉందన్నదే ముఖ్యం. 300 అని వయల్ మీద ఉంటే, ఏ పేరుదైనా సిర దాదాపు అంతే స్పష్టంగా కనిపిస్తుంది. ఖరీదైన మందుకు బొమ్మ బాగా వస్తుందనుకోవడం పొరపాటు. ఖరీదు పెట్టేది ఒంటి కోసం, బొమ్మ కోసం కాదు. అలాగే అన్నిటికన్నా ఖరీదైన 290 మందు అన్నిటికన్నా మంచిదనీ అనలేం. మంట తక్కువ, అది నిజం. కిడ్నీకి మేలని 2003లో ఒక పరీక్షలో తేలింది, తర్వాత వచ్చిన పరీక్షల్లో ఆ తేడా అంత గట్టిగా నిలబడలేదు. పైగా గంటలు గడిచాక, ఒక్కోసారి మర్నాడు, వచ్చే దద్దుర్లు దానితోనే కాస్త ఎక్కువ. జిగటగా కూడా ఉంటుంది, సన్నటి సూదిలోంచి తొయ్యాలంటే వయల్‌ని ముందు కాస్త వెచ్చబెట్టుకోవాలి.

మా బావగారి విషయంలో ఇంటికొచ్చిన సలహాలు ఇన్నీ అన్నీ కావు. "కిడ్నీ పాడైంది కదా, అయోడిన్ డై వద్దు, ఎమ్మారై డై ఎక్కించి తియ్యమనండి" అని చదువుకున్న చుట్టమే ఫోన్ చేశాడు. ఆ ఎమ్మారై డై గడోలినియం. ఒకప్పుడు డాక్టర్లూ అలాగే అనుకున్నారు. 2006లో బయటపడింది, డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో కొందరికి ఆ మందు తర్వాత చర్మం చెక్కలా గట్టిపడి, కీళ్లు ముడవలేకుండా పోతున్నాయని. అందులోనూ లీనియర్ అనే రకంతోనే ఎక్కువ. ఆ రకం మెదడులో కొంత మిగిలిపోతోందని కూడా తేలాక, 2017లో యూరప్ వాటిలో కొన్నిటి వాడకాన్ని ఆపేసింది. ఇప్పుడొచ్చే మాక్రోసైక్లిక్ రకంతో ఆ ప్రమాదం బాగా అరుదు, ఎమ్మారై నిజంగా అవసరమైతే కిడ్నీ రోగులకూ ఇస్తున్నారు. కానీ ఎక్స్‌రే కింద అయోడిన్‌కి బదులు దాన్ని వాడటం దండగ. బొమ్మ పేలవం, ప్రమాదం ఎక్కువ. ఇక్కడ కూడా చూడండి, లీనియరా మాక్రోసైక్లికా అన్నది పేరు చూస్తేనే తెలుస్తుంది. ఎమ్మారై రిపోర్టుల మీద మాత్రం ఏం రాస్తున్నారు? "గడోలినియం ఇచ్చాం" అని.

ఇంకో దారి ఉంది, బొగ్గుపులుసు వాయువు. సోడాలో ఉండేదే. సిరలోకి పంపితే రక్తాన్ని కాసేపు పక్కకు నెట్టి నీడ చూపిస్తుంది, తర్వాత రక్తంలో కరిగి ఊపిరితో బయటికి పోతుంది. దద్దుర్లు రావు, కిడ్నీకి బాధ లేదు. మరి అందరికీ అదే ఎందుకు వాడరంటే, మామూలు గాలి ఒక్క బుడగ కలవకుండా పంపాలి, దానికి సరంజామా, అలవాటు పడిన చెయ్యి కావాలి. ఛాతీలో గానీ అంతకు పైన గానీ ధమనిలోకి పొరపాటున వెళ్తే మెదడుకి ముప్పు. ఫిస్టులా అంటేనే సిరనీ ధమనినీ కలిపి కుట్టింది, అందులోకి గట్టిగా తోస్తే వెనక్కి ధమనిలోకి పోవచ్చు. కొన్నిసార్లు సందు ఉన్నదానికన్నా సన్నగా కూడా కనిపిస్తుంది. మా డాక్టరు గారు ఇవన్నీ చెప్పి, "తక్కువ అయోడిన్‌తోనే కానిద్దాం" అన్నారు. నాకూ అదే సబబనిపించింది.

కిడ్నీ మాటకొస్తే, మూత్రం పూర్తిగా ఆగిపోయినవాళ్లకు డై వల్ల కిడ్నీ కొత్తగా చెడేది ఏమీ లేదు. డై ఎక్కించగానే హడావిడిగా అదనపు డయాలసిస్ పెట్టించాల్సిన పని కూడా మామూలుగా ఉండదు, గుండె బలహీనంగా ఉన్నవాళ్ల సంగతి వేరు. మా బావగారికి ఇంకా రోజుకి ఒక గ్లాసుడు వస్తోంది. ఆ గ్లాసుడే ఆయన ఆస్తి. దాన్ని కాపాడాలనే తక్కువ మందుతో కానిమ్మన్నది. డై కడిగేసుకోవాలంటే కొబ్బరినీళ్లు తాగమని పక్కింటాయన రెండు బొండాలు పట్టుకొచ్చాడు. ఉద్దానం మనిషికి కొబ్బరి బొండం చూపిస్తే ఆగుతాడా! నేను లాక్కున్నాను. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ మనిషి గుండెకు అది డై కన్నా ప్రమాదం.

అన్నిటికన్నా నవ్వొచ్చింది రొయ్యల దగ్గర. రెండేళ్ల కిందటి ఆ సెంటరు ఫారంలో ఒక ప్రశ్న ఉంది, "సముద్రపు చేపలు, రొయ్యలు పడతాయా?" అని. అంతా ఇంగ్లిషులో ఉన్న ఆ ఫారంలో కుర్రాడు తెలుగులోకి మార్చి గట్టిగా అడిగిన ప్రశ్న అదొక్కటేనట. ఇదివరకు డై పడిందా అని అడగలేదు, ఉబ్బసం ఉందా అని అడగలేదు, థైరాయిడ్ ఊసే లేదు. "రొయ్యకీ సెయ్యికీ ఏటి సంబంధం రా బావా?" అని మా బావగారు ఇప్పటికీ నన్నడుగుతారు. ఏమీ లేదు. రొయ్యలు పడనివాళ్లకి పడనిది రొయ్య కండలో ఉండే ఒక ప్రొటీను. అయోడిన్ కాదు. అయోడిన్ పడకపోవడమే నిజమైతే అయోడిన్ ఉప్పు వేసిన పప్పుచారు తిని రోజూ అందరం ఆస్పత్రిలో పడాలి. ఫిషింగ్ హార్బరు ఉన్న ఊళ్లో ఈ అపోహ వల్ల ఎంతమంది కావలసిన పరీక్ష మానుకున్నారో, అసలు ప్రశ్న అడగనందువల్ల ఎంతమంది దద్దుర్లతో ఇంటికెళ్లారో.

ఇదంతా చదివి సిరల పరీక్ష అంటేనే భయపడొద్దని మనవి. కాళ్లలో నరాలు ఉబ్బినవాళ్లలో, జగదాంబ దగ్గర బట్టల షాపుల్లో రోజంతా నిలబడేవాళ్ల వంటివారిలో, చాలామందికి డాప్లర్ సరిపోతుంది. దానికి ఏ మందూ అక్కర్లేదు. బాలింతలకు మెదడు సిరల్లో గడ్డ అనుమానం వస్తే తీసే ఎమ్మారై వీనోగ్రామ్ కూడా చాలాసార్లు డై లేకుండానే తియ్యొచ్చు. డై అవసరమా, డాప్లర్‌తో సరిపోదా అని ఒకసారి అడిగితే డాక్టరు కోప్పడరు. మన విశాఖ పెద్దాస్పత్రి కేజీహెచ్ తెరిచిన ఆ 1923లోనే జర్మనీలో ఇద్దరు డాక్టర్లు స్ట్రాన్షియం బ్రోమైడ్ ఎక్కించి బతికున్న మనిషి సిరలను మొదటిసారి ఎక్స్‌రేలో చూశారు. ఆ మందుతో పోలిస్తే మనం ఎక్కడికో వచ్చేశాం.

నేనడిగేది కొత్త మిషన్లు కాదు. రిపోర్టు చివర ఒక్క లైను. ఎక్కించిన మందు పేరు, అయోడిన్ బలం, ఎన్ని మిల్లీలీటర్లు, బ్యాచ్ నంబరు, ఏమైనా రియాక్షన్ వచ్చిందా. సంతకం పెట్టించుకునే కాగితం తెలుగులో. రోగికి అర్థమయ్యేలా చెప్పి తీసుకున్నదే సమ్మతి అని సుప్రీంకోర్టు 2008లోనే సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. ఇంగ్లిషు ఫారం మీద వేలిముద్ర ఏ లెక్కలోకి వస్తుంది? ప్రైవేటు స్కానింగ్ సెంటర్లకు రిజిస్ట్రేషన్ ఇచ్చే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి గారు ఒక్క సర్క్యులర్ వేస్తే నెలలో అయిపోయే పని. రియాక్షన్ వచ్చినవాళ్లు తామే ఫిర్యాదు చెయ్యడానికి కేంద్రప్రభుత్వం వారి టోల్‌ఫ్రీ నంబరు 1800-180-3024 ఉంది. మా అక్కతో ఫోన్ చేయించాలనుకున్నాను. మొదటి ప్రశ్నే మందు పేరు ఉంటుంది గదా అని ఆగిపోయాను.

వీనోగ్రామ్ గత మంగళవారం అయింది. పాత మందేదో తెలియదు గనక స్టెరాయిడ్ మాత్రలు ముందురోజు రాత్రి నుంచే వేసి, మందు సగం పలచన చేసి, 20 మిల్లీలీటర్లలో ముగించారు. ట్రేలో అడ్రినలిన్ సిద్ధంగా ఉంచుకున్నారు, నేను చూశాను. దద్దుర్లు రాలేదు. కాలర్ ఎముక వెనక సిర పెన్సిల్ ములుకంత సన్నబడి కనిపించింది, అక్కడే బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. మర్నాటికి చెయ్యి వాపు సగం తీసింది. బయటికొస్తూ నేను లోపలున్న టెక్నీషియన్ అమ్మాయిని అడిగాను, "అమ్మా, ఆ ఖాళీ వయల్ పారెయ్యకు, దాని మీది స్టిక్కరు ఇస్తావా?" అని. ఆ అమ్మాయి ఒలిచి ఇచ్చింది. అక్క దాన్ని డయాలసిస్ పుస్తకం అట్ట లోపల అన్నం మెతుకుతో అంటించి, పక్కన తేదీ వేసి, "ఇది పడింది" అని రాసుకుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రేడియోగ్రాఫర్,
కంచరపాలెం, విశాఖపట్నం.